క్లినిక్‌లో ఈఎంఆర్: తప్పులు ఎక్కడ దూరతాయంటే

చిన్న క్లినిక్‌లో ఈఎంఆర్ (పేషెంట్ల రికార్డులు కంప్యూటర్‌లో దాచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టిన కొత్తలో తప్పులు ఎక్కువగా పుట్టేది రిసెప్షన్ కౌంటర్ దగ్గరే. బెంగళూరులో మారతహళ్ళి, కే.ఆర్.పురం వైపు క్లినిక్‌లకు హిందూపురం నుంచో మదనపల్లె నుంచో పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు వస్తుంటారు. అమ్మకీ నాన్నకీ కొడుకు ఫోన్ నంబరే ఇస్తారు. నంబర్ కొట్టి, పైన కనిపించిన పేరు నొక్కేస్తే ఆయన షుగర్ మాత్రలు ఆవిడ ఫైల్లోకి ఎక్కుతాయి. పేరు వాళ్ళ నోటితోనే చెప్పించుకుని, వయసుతో సరిచూడాలి. పుట్టిన తేదీ ఒక్కటే చాలదు, ఆధార్‌లో జనవరి 1 అని ఉన్న పెద్దవాళ్ళు కోకొల్లలు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. 14 అంకెల ఆభా నంబర్ (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబర్) ఉంటే ఈ గొడవ తగ్గుతుంది. అయితే అది ఇష్టముంటేనే. లేదని ఎవర్నీ తిప్పి పంపకూడదు.

పాత ఫైళ్ళన్నీ స్కాన్ చేయాలని కూర్చుంటే ఎప్పటికీ తెమలదు. పేషెంట్ వచ్చిన రోజే ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు, ఎలర్జీలు, చివరి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) ఎక్కిస్తే చాలు. ఎలర్జీ గడి ఖాళీగా వదిలితే అడగలేదనే అర్థం. అడిగితే లేదన్నారంటే ‘లేదు’ అని నొక్కాలి.

అసలు ప్రమాదం మందుల జాబితాలో ఉంది. ఎమ్, ఈ, టి కొట్టగానే మెట్‌ఫార్మిన్, మెటోప్రొలాల్, మెట్రోనిడజోల్, మెథోట్రెక్సేట్ ఒకదాని కింద ఒకటి దిగుతాయి. మౌస్ ఒక్క వరస జారితే మందే మారిపోతుంది. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. టెంప్లేట్‌లో ‘రోజూ’ అని ముందే పడి ఉండి, అదే ప్రింటయి, పేషెంట్ అలాగే మింగితే నోరు పుండ్లు పడుతుంది, ఎముక మజ్జ దెబ్బతింటుంది, ప్రాణం మీదకొస్తుంది. ఆ మందుకి డీఫాల్ట్ మోతాదు తీసేయించి, వారంలో ఏ రోజు వేసుకోవాలో టైప్ చేస్తేగానీ సేవ్ కాకుండా పెట్టించండి. మిగతావాటిలో తరచూ రాసే నలభై, యాభై మందులకు ఫేవరెట్లు (ఒక్క నొక్కుతో వచ్చేలా ముందే సిద్ధం చేసినవి) చేసుకుంటే టైపింగ్ బాధ చాలావరకు పోతుంది.

తెలుగులో సూచనలు ప్రింట్ చేసేవాళ్ళు ముందు ఒక కాగితం తీసి తెలుగు చదివేవాళ్ళకి చూపించాలి. ఫాంట్ సరిగా లేకపోతే ‘రాత్రి’లో రావత్తు విడిపోయి పక్కన పడుతుంది. తెరమీద బాగానే ఉంటుంది, కాగితం మీదే తేడా.

కరెంటు పోతే కంప్యూటర్ ఒక్కటే యూపీఎస్ మీదుంటే ఏం లాభం, రౌటర్ కూడా ఉండాలి. ఇక కొనేముందు పదిమంది రికార్డులు ఎక్సెల్‌లో తెరుచుకునేలా బయటికి తీసివ్వమనండి. పీడీఎఫ్‌ల కట్ట మాత్రమే ఇస్తామంటే, రేపు సాఫ్ట్‌వేర్ మారిన రోజున అవన్నీ మళ్ళీ టైప్ చేసుకోవాల్సిందే.