అమ్మ రొంటిన పిట్ట

ఫిబ్రవరిలో ఓ మంగళవారం, ఉదయం పదకొండు గంటలప్పుడు, కాకినాడలో మా కాలేజీలో ఇంటర్ పిల్లలకి తరంగాల పాఠం చెప్తుంటే జేబులో ఫోన్ వణికింది. తీసి చూస్తే "ఇల్లు" అని ఉంది. అంబాజీపేట అవతల మా ఊళ్లో, అమ్మ ఒక్కత్తే ఉండే ఇంట్లో, అలారం పెట్టెలో వేసిన సిమ్ నంబరది. దాన్నుంచి ఫోన్ వచ్చిందంటే అక్కడ సైరన్ మోగుతున్నట్టే. నాకు కాళ్లాడలేదు. అమ్మ ఫోన్ ఎత్తట్లేదు. పక్కింటి పిన్నిగారికి చేస్తే ఆవిడ వెళ్లి చూసొచ్చి, "ఏం లేదు నాన్నా, మీ అమ్మ పనసపొట్టు కొడుతోంది. చెవులు పగిలిపోతున్నాయి, అది ఎలా ఆపాలో చెప్పు ముందు" అంది.

ఆపేదీ మోగించేదీ రెండూ అమ్మ రొంటినే ఉన్నాయి. బీరువా తాళాలతో పాటు గుత్తికి తగిలించిన చిన్న రిమోట్. పీట మీద కూర్చుని ముందుకి వంగేసరికి పొట్టకీ మోకాలికీ మధ్య దాని మీదున్న గంట బొమ్మ బటన్ నొక్కుకుపోయింది.

అసలీ అలారం గొడవ మొదలైంది అంతకుముందు నెల కనుమ నాడు. మావైపు కనుమ రోజు మధ్యాహ్నానికి ఊళ్లకి ఊళ్లు ఖాళీ. అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికే. ఏకాదశ రుద్రులూ, అంటే పదకొండూళ్ల శివుళ్లూ, ఒక్కచోట చేరతారు, మనుషుల భుజాల మీద ప్రభలు కౌశిక నది దాటుతుంటే చూడకుండా ఇంట్లో కూర్చునేవాళ్లెవరు? మేమూ వెళ్లాం. తిరిగొచ్చేసరికి దొడ్డి తలుపు బార్లా తీసుంది, వసారాలో రెండు ఇత్తడి గుండిగలూ, నీళ్లు కాచుకునే రాగి కాగూ లేవు. బంగారం జోలికి పోలేదు. కానీ ఆ గుండిగలు మా నానమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకున్నవి. అమ్మ రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మాది మండువా లోగిలి. వెనక సగం పాతది, రెండడుగుల మట్టిగోడలు. ముందు సగం 1996 నవంబరు తుఫానుకి పెంకులన్నీ లేచిపోయాక నాన్న స్లాబు వేయించింది. ఆ మట్టిగోడల్ని చెక్కి వైర్లు లాగితే గోడే ఊడి చేతిలోకి వస్తుంది. అందుకని వైర్లెస్ సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక పెట్టె, ఒక సైరన్, తలుపులకి అంటించే అయస్కాంతం సెన్సార్లు మూడు, మనిషి కదలిక పట్టే సెన్సార్ ఒకటి, రిమోట్లు రెండు. సిమ్ దగ్గరే ఒక రోజు పోయింది. పెట్టె 2జీది. 4జీ మాత్రమే ఇచ్చే కంపెనీ సిమ్ దాంట్లో వేస్తే ఎంత సేపున్నా సిగ్నల్ రాదు. 2జీ ఇంకా నడుపుతున్న కంపెనీ సిమ్ కొంటే అప్పుడు పలికింది.

పెట్టె మీద నంబర్ల బటన్లున్నాయి. బయటికి వెళ్లేటప్పుడు నాలుగంకెల కోడ్ కొట్టి వెళ్లొచ్చు. కంపెనీవాళ్లు పెట్టి పంపే 1234 ముందు మార్చేయండి, అది లోకమంతటికీ తెలుసు. అమ్మ మాత్రం ఆ బటన్ల వంక చూసి, "ఏటీఎం కార్డు నంబరే నాకు గుర్తుండి చావదు, ఇంటికి కూడా నంబరేంట్రా?" అని లేచిపోయింది. ఇక రిమోట్ ఒక్కటే దారి.

రిమోట్‌ని పెట్టెకి పరిచయం చేయడం వినడానికి తేలిక. పెట్టె మీద నేర్చుకునే బటన్ నొక్కితే ఓ లైటు వెలుగుతుంది. అది ఆరేలోపు, నా పెట్టెలో అయితే పదిహేను సెకన్లు, రిమోట్ మీద ఏదో ఒక బటన్ నొక్కాలి. పెట్టె "బీప్" అంటే చేరినట్టు. మొదటి రిమోట్ చక్కగా చేరింది. రెండోదానికి లైటు వెలిగింది, నేను రిమోట్ ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటున్నాను, ఈలోగా బీప్ మంది. నేను నొక్కకుండానే ఎలా చేరిందబ్బా అనుకున్నాను గానీ, తెలివితక్కువగా, "చేరింది కదా" అని వదిలేశాను.

సాయంత్రం పరీక్ష పెట్టాను. అలారం ఆన్ చేసి వీధి తలుపు తీస్తే సైరన్ మోగింది. మళ్లీ ఆన్ చేసి దొడ్డి తలుపు తీస్తే మోగలేదు సరికదా, పెట్టె "కిచ్ కిచ్" అని రెండుసార్లు అని అలారమే ఆఫ్ అయిపోయింది! అంటే ఈసారి దొంగ వస్తే, తలుపు తీసి వాడే మా అలారం ఆపేసుకుని లోపలికి వస్తాడన్నమాట.

కారణం కనుక్కోవడానికి అరగంట పట్టింది. తలుపు సెన్సారైనా రిమోటైనా గాల్లోకి పంపేది ఒకే రకం కబురు. నా సెట్టులో వాడింది 1527 రకం చిప్పు. ముందు ఇరవై బిట్లు, అంటే సున్నాలూ ఒకట్లూ, "నేను ఫలానా" అని చెప్పే నంబరు, వెనక నాలుగు బిట్లు ఏ బటనో చెప్పేవి. నేను వెతుక్కుంటున్న ఆ పదిహేను సెకన్లలో అమ్మ కాఫీ గ్లాసులు కడగడానికి దొడ్డి తలుపు తీసింది. పెట్టె ఆ తలుపునే రిమోట్ అనుకుని కలిపేసుకుంది. దాని చివరి నాలుగు బిట్లూ రిమోట్ మీద అలారం ఆపే బటన్‌వీ ఒకటే అయ్యాయి. ఇలాంటి చవక పెట్టెల్లో ఒక్క రిమోట్‌ని విడిగా తీసేయడం కుదరదు, అన్నీ చెరిపేసి మొదట్నుంచీ రావాల్సిందే. అందుకే రిమోట్ పోయినా అంతే, మిగతావి మళ్లీ నేర్పించుకోవాలి. తాళంచెవి పోతే తాళం మార్చినట్టు. రెండోసారి అమ్మని మండువాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, "కదలకు" అని చెప్పి మరీ చేశాను.

రెండు రిమోట్లలో ఒకటి నాకని అట్టేపెట్టుకున్నాను మొదట. ఇంటి ఆవరణ దాటితే పలకనిది కాకినాడలో నేనేం చేసుకుంటాను? మా ఆవిడ నవ్వితే గాని తట్టలేదు. అది పిన్నిగారికిచ్చాను. ఆ మంగళవారం సైరన్ దాంతో ఆపేస్తే బావుండేదేమో గానీ, ఆవిడ దాన్ని భద్రంగా ట్రంకుపెట్టెలో దాచి తాళం వేసుకుంది.

అమ్మకి నేర్పడం ఇంకో కథ. నాలుగు బటన్లు, నాలుగు బొమ్మలు. మూసిన తాళం అంటే ఆన్. తెరిచిన తాళం అంటే ఆఫ్. ఇల్లు బొమ్మ అంటే మనం లోపల ఉండగా ఆన్, తలుపులకి మాత్రమే కాపలా, లోపల తిరిగేవాళ్లని పట్టించుకోదు. గంట అంటే ఆపద. శుక్లాల ఆపరేషనైన కళ్లకి మూసిన తాళమూ తెరిచిన తాళమూ ఒక్కలాగే కనిపిస్తాయి. మా ఆవిడ తన ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి తీసి మూసిన తాళం మీద అంటించింది. "బొట్టు పెట్టింది ఇంటికి తాళం" అని పాఠం. చెమటకి మూడో రోజే ఊడిపోయింది. తర్వాత ఎంసీల్ ముద్ద ఆవగింజంత పెట్టాను. ఇప్పుడు చూడకుండా వేలితో తడిమి నొక్కుతుంది. ఒక్క కిచ్ అయితే ఆన్, రెండైతే ఆఫ్. ఆ కూతని బట్టే రిమోట్‌కి "పిట్ట" అని పేరు పెట్టింది. "పిట్టని నొక్కావా?" అంటే మా ఇంట్లో అలారం పెట్టావా అని.

బయటికి వెళ్లేటప్పుడు తలుపు తాళం వేసి, మెట్లు దిగి, అప్పుడు నొక్కుతుంది. వచ్చినప్పుడు ముందు నొక్కి, కిచ్ కిచ్ విని, తర్వాత తాళం తీస్తుంది. కోడ్ కొట్టే పద్ధతిలో లోపలుండి కొట్టి పరిగెత్తాలి, తిరిగొచ్చాక సైరన్ కంటే ముందే పెట్టె దగ్గరికి చేరాలి. డెబ్బై ఆరేళ్ల మనిషికి ఆ పరుగేంటి? రిమోట్ వల్ల ఆ గడువు సెకన్లన్నీ సున్నా చేసేశాను.

సరే, ఆ గంట బటన్ సంగతి. పనసపొట్టు రోజు తర్వాత దాన్ని తీసేద్దామనే అనుకున్నాను. రిమోట్ విప్పి ఆ బటన్ కింద రబ్బరు బొడిపె కోసేస్తే సరి. బ్లేడు కూడా తీశాను. అమ్మే అంది, "బాత్రూంలో జారిపడ్డాననుకో, ఏది నొక్కను?" బ్లేడు కింద పెట్టేశాను. అలారం ఆన్‌లో ఉన్నా లేకపోయినా పనిచేసే బటన్ అదొక్కటే. దొంగల కోసం కొన్నాను గానీ, ఆలోచిస్తే ఈ సెట్టు మొత్తంలో అమ్మకి నిజంగా కావాల్సింది అదే.

దాని చుట్టూ ఎంసీల్‌తో గట్టు కట్టాను, బటన్ కంటే కొంచెం ఎత్తుగా, పాదులాగ. వేలికొస వెళ్తుంది, పొట్టా మోకాలూ వెళ్లవు. మెళ్లో వేసుకోమని దారం కట్టిస్తే, "ఆవుకి గంట కట్టినట్టు ఇదేంట్రా" అని తీసి పారేసింది. రొంటే ఖాయం. స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం గుత్తి తీసి గూట్లో పెడుతుంది కాబట్టి బాత్రూం కోసం మూడో రిమోట్ కొన్నాను. జిప్పు కవర్లో వేసి గోడకి, నేల మీంచి అడుగు ఎత్తులో తగిలించాం. చేతికందే ఎత్తులో కాదు. పడిపోయిన మనిషికి అందే ఎత్తులో.

ఆ మూడోది పెట్టెతో కలవడానికి ససేమిరా అంది. పైకి చూస్తే అచ్చం మిగతా రెండిటి లాంటిదే. విప్పితే లోపల బటాణీ గింజంత వెండి డబ్బీ మీద ఆర్315 అని ఉంది. నా పాతవాటి మీద ఆర్433. ఒకటి 315 మెగాహెర్ట్జ్ మీద పలికేది, ఇంకోటి 433 మీద. పెట్టె వినేది 433నే. తిప్పి పంపేసి, 433, 1527 రెండూ రాసున్నది చూసి తెప్పిస్తే మొదటి నొక్కుకే కలిసింది. విడిగా రిమోట్ కొనేవాళ్లు బొమ్మ చూసి కొనకండి, ఈ రెండు అంకెలూ చూడండి.

చిప్పు గురించి ఇంకో మాట. ఈ 1527లో మొత్తం 10,48,576 నంబర్లున్నాయి గానీ, ఒక రిమోట్ ఎప్పుడు నొక్కినా అదే నంబరు పంపుతుంది. పక్కన కూర్చుని దాన్ని రికార్డు చేసుకుని మళ్లీ వదిలితే నొక్కింది యజమానే అని పెట్టె అనుకుంటుంది. నొక్కినప్పుడల్లా కోడ్ మారే రిమోట్లున్నాయి, కార్లకి ఇచ్చేవి ఆ రకమే. నగరంలో ఫ్లాటుకైతే అదే కొనమంటాను. మా గుండిగలు పట్టుకుపోయినవాడు రేడియో తరంగాలు రికార్డు చేసే రకం అయ్యుంటే ఈపాటికి ఏదో మంచి ఉద్యోగంలో ఉండేవాడు. మాకు ఇది చాలు.

డబ్బా మీద వంద మీటర్లు పలుకుతుందని రాశారు. మా ఇంట్లో వీధి గేటు దగ్గర్నుంచే పలకలేదు. పెట్టెని బీరువా మీద పెట్టింది నేనే. కింద ఇనుప బీరువా, పక్కన అమ్మ ఇత్తడి సామాను, మధ్యలో ఆ మట్టిగోడలు. తీసి స్లాబు గదిలో కిటికీ పక్కన, మేకుకి తగిలించి యాంటెన్నా నిటారుగా నిలబెడితే గేటు దాటి కాలవ గట్టు దాకా వినిపించింది. 433 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 69 సెంటీమీటర్లు, దాంట్లో పావు వంతు 17 పైచిలుకు, యాంటెన్నా తీగ అంత ఉంటే బాగా వింటుంది. పిల్లలకి ఈ లెక్క పదేళ్లుగా బోర్డు మీద వేస్తున్నాను. మా ఇంట్లో బీరువా మీద పెట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

కదలిక సెన్సార్ గురించి ఎక్కువ చెప్పను. మండువా ఉన్న ఇంట్లో పిల్లులు ఆకాశం నుంచే దిగుతాయి. దాన్ని సామాన్ల గది వైపు తిప్పేశాను.

అంతా సర్దుకుంది అనుకున్నాక కార్తీకమాసం వచ్చింది. రాత్రి ఇల్లు బొమ్మ నొక్కి పడుకున్న అమ్మ, తెల్లవారుజామున నాలుగింటికి కాలవలో దీపం వదలడానికి అరటి దొప్ప పట్టుకుని దొడ్డి తలుపు తీసింది. వీధి వీధంతా లేచింది. ఎదురింటి మావయ్యగారు లుంగీ ఎగ్గట్టి, కొబ్బరికాయలు వలిచే గునపంతో వచ్చారట. మా అమ్మ ఒక చేత్తో దీపం ఆరిపోకుండా అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో పిట్టని నొక్కి, "ఏం లేదండీ, నేనే" అందట. ఎలాగూ లేచారు కదా అని ఆడవాళ్లంతా స్నానానికి ఆవిడతోనే కాలవకి బయల్దేరారు. మర్నాటి నుంచి నాలుగింటికి పిన్నిగారింట్లోనూ లైటు వెలుగుతోంది.

కార్తీకం ఆఖర్లో పిట్ట కూత తగ్గింది. గేటు దగ్గర్నుంచి పలకట్లేదు, మెట్ల దాకా వచ్చి నొక్కాల్సొస్తోంది అంది అమ్మ ఫోన్లో. దూరం తగ్గిందంటే బ్యాటరీ అయిపోవస్తున్నట్టు. వెళ్లి చూస్తే స్ప్రింగుకి చిలుం కూడా పట్టింది, మా గాలికి పట్టనిదేముంది. రబ్బరుతో రుద్దాను. బ్యాటరీ చిటికెన వేలి కొసంత ఉండే 12 వోల్టులది, 27ఏ. ఊళ్లో కొట్టతను 23ఏ ఇచ్చి "అదే ఇదీ అండి, ఆయ్" అన్నాడు. వోల్టులు అవే గానీ అది రెండు మిల్లీమీటర్లు లావు, మూత పడదు. అమలాపురంలో దొరికాయి, మూడు కొన్నాను.

ఒకటి వేశాను. మిగతా రెండూ టీవీ కింద సొరుగులో పెట్టబోతే అమ్మ లాక్కుంది. పోపులపెట్టెలో మెంతుల గిన్నె పక్కన ఖాళీగా ఉన్న గిన్నెలో వేసింది. అక్కడైతే రోజూ కంటపడతాయట.