దక్షిణానికి పలకని రేడియో

"ఇక్కడి నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు దారంతా పాడుతుంది. ఇటు వచ్చేటప్పుడే మూగబోతుంది. ఎడారికి రావడం దానికి ఇష్టం లేనట్టుంది" అన్నాడు పెద్దాయన. పక్కనున్న ఆవిడ నవ్వలేదు. ఈ మాట ఆయన దారి పొడవునా అంటూనే వచ్చి ఉంటాడు.

నవంబరు వస్తే మా షెడ్డుకు ఊపిరి సలపదు. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు. ఉత్తరాది మంచు పడలేని రిటైరైన జంటలు ఇంటినే చక్రాల మీద పెట్టుకుని ఇక్కడికి దిగుతాయి. ఊరి పక్కన ప్రభుత్వ భూమిలో రుసుము కట్టించుకుని సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండనిస్తారు. కొల్లేటికి వచ్చే గూడబాతుల్లాగే వీళ్లకీ ఒక రాక, ఒక పోక. మోటార్‌హోములకు మరమ్మతులు చేయడం మా పని. మా ఆవిడ నర్సు, ఆమె ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాం. అమెరికాలో పైకప్పుల మీద పని చేస్తున్నానంటే మా బంధువుల్లో సగం మంది నేను ఇళ్లు కట్టిస్తున్నానని అనుకుంటున్నారు. నేనూ దిద్దలేదు.

ఈ దంపతులది మోంటానా. అక్కడి నుంచి ఐ-15 హైవే మీద ఐడహో, యూటా దాటుకుంటూ రావాలి. చాలా దూరం ప్రయాణం దక్షిణానికే. మామూలు ఎఫ్‌ఎం స్టేషన్ ఊరు దాటిన కాసేపటికి గరగరమని ఆగిపోతుంది కాబట్టి వీళ్లు చందా కట్టి సిరియస్ ఎక్స్‌ఎం పెట్టించుకుంటారు. పాట ఉపగ్రహం నుంచి నేరుగా బండికి వస్తుంది. రెండేళ్లుగా ఇదే గోల అట. రిసీవర్ మార్చి చూశారు, ఫోను చేసి సిగ్నల్ మళ్లీ పంపించుకున్నారు. ఏదీ పని చేయలేదు.

నిచ్చెనెక్కి బండి పైకప్పు చూశాను. అగ్గిపెట్టె కంటే చిన్న నల్లటి యాంటెన్నా. ముందున్న ఏసీ పెట్టెకు సరిగ్గా వెనక, జానెడు దూరం కూడా లేకుండా టేపుతో అంటించి ఉంది. "గాలికి లేచిపోకుండా ఏసీ చాటున పెట్టాను" అని కింద నుంచి కేక వేశాడు పెద్దాయన, గొంతులో కాస్త గర్వంతో.

ఆ చాటు చూడగానే నాకు హైదరాబాద్ గుర్తొచ్చింది.

ఇక్కడికి రాకముందు, వరల్డ్‌స్పేస్ అనే ఉపగ్రహ రేడియోలు అమ్మే డీలరు దగ్గర పని చేసేవాడిని. తెలుగు పాటలకు 'స్పందన' చానల్, కర్ణాటక సంగీతానికి 'శ్రుతి'. రోజంతా ప్రకటనలు లేని పాటలంటే అప్పట్లో వింతే. చిన్న పలకలాంటి యాంటెన్నాను ఆసియాస్టార్ ఉపగ్రహం వైపు తిప్పి నిలబెట్టాలి. అది భూమధ్యరేఖకు పైన, 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉండేది. అంటే హైదరాబాద్‌కు ఆగ్నేయం. మలక్‌పేటలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారి మేడ మీద గంటసేపు తిప్పినా సిగ్నల్ రాలేదు. చూస్తే ఆ మూలన సిమెంటు దిమ్మె మీద నల్లటి నీళ్ల ట్యాంకు. "ఆగ్నేయంలో నీళ్లు పెట్టొద్దని ఆ మేస్త్రీకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను బాబూ!" అని ఆయన తల పట్టుకున్నారు. వాస్తు తప్పిందని ఆయన, ట్యాంకు అడ్డమని నేను. ఇద్దరం ఒక్క మాట మీదే ఉన్నాం. యాంటెన్నాను పిట్టగోడ చివరికి జరిపాక 'శ్రుతి' పలికింది. 2009 డిసెంబరు 31తో ఆ సర్వీసే మన దేశంలో ఆగిపోయింది. ఆ వరల్డ్‌స్పేస్‌లో 2005లో అమెరికా రేడియో కంపెనీ ఎక్స్‌ఎం పెట్టుబడి పెట్టింది. తర్వాత 2008లో ఆ ఎక్స్‌ఎం సిరియస్ అనే మరో కంపెనీతో కలిసింది. ఆ లెక్కన ఇప్పుడు నేను చేస్తున్నది పాత చుట్టాల ఇంటి పనే.

అక్కడిలా ఇక్కడ యాంటెన్నాను ఏ దిక్కుకూ తిప్పనక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెడితే చాలు, ఆకాశం కనిపిస్తే పట్టుకుంటుంది. ఆ సౌకర్యమే జనాన్ని మోసం చేస్తుంది. ఎక్కడ పెట్టినా ఒకటే అనుకుంటారు. ఎక్స్‌ఎం ఉపగ్రహాలు తిరుగుతున్నది కూడా భూమధ్యరేఖ పైనే. క్వార్ట్‌సైట్ నుంచి చూస్తే ఒకటి దక్షిణాన సగం ఎత్తులో, మరొకటి ఆగ్నేయంలో ఇంకాస్త కిందికి ఉంటాయి. బండి ఉత్తరానికి పోతుంటే ఉపగ్రహాల వైపు ఏసీ లేదు, ఆకాశం ఖాళీ. దక్షిణానికి తిరిగితే యాంటెన్నా ముందు అడుగెత్తు పెట్టె గోడలా నిలబడి రెండింటినీ కప్పేస్తుంది. మోంటానా దగ్గర ఉపగ్రహాలు ఇంకా కిందికి కనిపిస్తాయి కాబట్టి రేడియో ఇంటి గేటు దగ్గరే మూగబోయేది.

జరపడమంటే తీసి ముందుకు అంటించడమే కదా అనుకోవద్దు. యాంటెన్నా అడుగున అయస్కాంతం ఉంటుంది, కారు పైకప్పుకైతే టక్కున అంటుకుంటుంది. మోటార్‌హోము పైకప్పు చెక్క మీద పరిచిన తెల్లటి రబ్బరు పొర, దానికి అయస్కాంతంతో ఏం పని? ఏసీకి మూడున్నర అడుగుల ముందు బెత్తెడు ఉక్కు పలకను అంటించి, దాని మీద యాంటెన్నాను కూర్చోబెట్టాను. కింద లోహం ఉంటే సిగ్నల్ కూడా బాగా అందుతుంది.

వైరు లోపలికి దించడానికి కొత్త రంధ్రం వేయలేదు. బండి నుదుటి మీద వరసగా ఐదు నారింజ రంగు దీపాలుంటాయి. మధ్య దీపం విప్పితే దాని వైరు కోసం కంపెనీవాళ్లు వేసిన రంధ్రం ఉంది. అందులోంచి దించి, అద్దం పక్క స్తంభం లోపలి నుంచి డాష్‌బోర్డుకు తెచ్చాను. మిగిలిన వైరును కత్తిరించకూడదు, మడత పడకుండా వెడల్పుగా చుట్టి లోపల దాచాలి.

సీలెంటు దగ్గర మాత్రం ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు ట్యూబు మీది పేరు చదువుతాను. చేరిన కొత్తలో, హైదరాబాద్ అలవాటు కొద్దీ, ఒక బండి పైకప్పు మీద సిలికాన్ పూశాను. చూడ్డానికి ముచ్చటగా ఆరింది. చలికాలం వానలు రెండు పడేసరికి ఆ బండి తిరిగొచ్చింది, లోపల మంచం పైన సీలింగులో టీ మరకంత మచ్చ. రబ్బరును సిలికాన్ గట్టిగా పట్టుకోదు, పైగా ఒకసారి పూస్తే దాని మీద ఇంకేదీ అంటదు. మెక్సికో నుంచి వచ్చిన మా సీనియర్ మెకానిక్‌ను మనసులో మేస్త్రీ అని పిలుచుకుంటాను. ఆయన ప్లాస్టిక్ గరిటె చేతికిచ్చి, ఒక్క మాటా అనకుండా పక్కన కూర్చున్నాడు. ఆ సిలికాన్ అంతా గీకడానికి ఒక పూట పట్టింది. తిడితే బాగుండేది. ఇప్పుడు వాడేది పోయగానే తనంతట తాను పరుచుకునే సీలెంటు, పల్చటి ఇడ్లీ పిండిలా జారి అంచులను కప్పుకుంటుంది.

పని అయ్యాక బండిని షెడ్డు ముందు దక్షిణం వైపు తిప్పి నిలబెట్టమన్నాను. పావుగంట ఆగాం. ఆవిడకు కావలసిన పాత కంట్రీ పాటల చానల్ ఒక్కసారి కూడా ఆగలేదు. నమ్మకం కుదరక పెద్దాయన బండిని నాలుగు దిక్కులకూ తిప్పాడు. ఇంత పొడుగు బండి ఆ చిన్న జాగాలో తిరుగుతుంటే మా యజమాని గుండె పట్టుకుని చూశాడు.

"ఏసీ అని ఎలా కనిపెట్టావు?" అని అడిగాడు దిగొచ్చాక. మా ఊళ్లో ఒక హెడ్‌మాస్టరుగారి నీళ్ల ట్యాంకు కథంతా చెప్పాను, వాస్తుతో సహా. ఆయన శ్రద్ధగా విని, ఆవిడ వైపు తిరిగి, "మన ఇంట్లో నీళ్ల ట్యాంకు ఏ మూలన ఉంది?" అని అడిగాడు.