మా ఇంట్లో జిమ్: ఏం కొన్నాం, ఏం వద్దనుకున్నాం

నేను హన్మకొండలో ఉంటాను, ప్రభుత్వ బడిలో టీచర్‌ని. పరకాల వైపు ఒక ఊరికి రోజూ బస్సులో వెళ్లి వస్తాను. వయసు 46. షుగర్ బార్డర్‌లో ఉంది, నడక ఒక్కటే చాలదు, కండరాలకు బలం వచ్చే వ్యాయామం కూడా చేయాలి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు బలం పెంచే కసరత్తు ఉండాలి. 65 దాటినవాళ్లు తూలిపడకుండా నిలకడ పెంచేవి కూడా వారానికి మూడు రోజులు చేయాలి.

మా ఇంట్లో అన్ని రకాల వాళ్లమూ ఉన్నాం. మా అత్తమ్మకు 70 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మా వారి బరువు 88 కిలోలు. ఇంటర్ చదివే మా బాబుకు పుల్‌అప్స్ (బార్ పట్టుకుని వేలాడి ఒంటిని పైకి లాగడం) అంటే ప్రాణం. బయటి జిమ్‌లో ఆడవాళ్లకు కేటాయించిన టైముకు నేను బడిలో ఉంటాను. అత్తమ్మ ఎలాగూ రాదు. అందుకే ఇంట్లోనే పెట్టుకుందామని 40,000 రూపాయలు పక్కన పెట్టాం.

షాపుకు వెళ్లే ముందు ఒక కాగితం తీసుకుని వస్తువుల పేర్లు కాకుండా కదలికలు రాశాను. కూర్చుని లేవడం, నేల మీది బరువు ఎత్తడం, ముందుకు తోయడం, తన వైపు లాగడం, తల మీదికి లేపడం. ఒక్కోదాని ఎదురుగా ఎవరికి కావాలో, దేనితో చేయొచ్చో రాశాను. ఎవరైనా ఇంట్లో జిమ్ పెట్టుకుంటామంటే నేను మొదట చెప్పేది ఈ కాగితం గురించే. షాపులో అడుగు పెట్టగానే కళ్లన్నీ మెరిసే మిషన్ల మీదికి పోతాయి. చేతిలో కాగితం ఉంటే ఆ మిషన్ మీ ఇంట్లో ఎవరికి ఏ పని చేస్తుందో అక్కడికక్కడే అడగొచ్చు.

ఆ కాగితం ముందు ట్రెడ్‌మిల్ నిలబడలేదు. నడవడానికి మాకు భద్రకాళి బండ్ (చెరువు గట్టు) ఉంది, తెల్లవారుజామున అక్కడికి పోతున్నాం కూడా. కానీ మా వారి మనసు ట్రెడ్‌మిల్ మీదే. ఏప్రిల్, మే ఎండల్లో, ముసురు పట్టినప్పుడు బయట నడవలేం కదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది కాబట్టి సరిగ్గానే చూశాం. ఒకదాని మీద 4 హెచ్‌పీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వివరాల కాగితం అడిగి చూస్తే అది పీక్ లెక్క, అంటే కాసేపు మాత్రమే ఇవ్వగలిగే బలం. ఆగకుండా నడిచేటప్పుడు ఇచ్చేది 2 హెచ్‌పీ. చూడాల్సింది ఈ రెండో అంకె. మోటారు సత్తా తెలియాలంటే ఇంట్లో అందరికంటే బరువున్న మనిషిని ఎక్కించి, గంటకు 2, 3 కిలోమీటర్ల వేగంతో మెల్లగా నడిపించాలి. వేగంగా తిరిగేటప్పుడు బాగానే అనిపించే మోటారు మెల్లగా తిరిగేటప్పుడు దొరికిపోతుంది. మా వారు అడుగు వేసినప్పుడల్లా బెల్టు ఒక్క క్షణం పట్టేసినట్టయింది. కొన్నిటికి బెల్టు వెడల్పు 40 సెంటీమీటర్లే, ఆయన భుజాలకు అది ఇరుకు. కాస్త వెడల్పు బెల్టు, ఆయన బరువుకు పైన ఇరవై కిలోలైనా అదనంగా మోసే మోటారు కావాలంటే మా డబ్బంతా దానికే అయిపోయేలా ఉంది. పైగా 16 ఆంప్స్ ప్లగ్గు, మంచి ఎర్తింగ్, బెల్టు కింద అప్పుడప్పుడు సిలికాన్ ఆయిల్. ఆయనే వద్దన్నారు.

తర్వాత గది. పైన గాలి, వెలుతురు ఉన్న గది ఒకటి, కింద వెనక గది ఒకటి ఉన్నాయి. అందరికీ పై గదే ఇష్టం. మా పక్కింటి అన్న సివిల్ ఇంజనీరు. ఇళ్లలో గదులకు చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు లెక్కన స్లాబు డిజైన్ చేస్తారని, ఆ లెక్క కట్టడాల బరువులకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875లో ఉంటుందని చెప్పాడు. మా సామానుకు అది సరిపోయేదే. అయినా చెయ్యి జారి ఇనుము పడితే ఆ దెబ్బ వేరు, కింది గదిలో పడుకున్నవాళ్లకు నిద్ర ఉండదు అన్నాడు. అందుకే కింది గది ఖాళీ చేశాం, పది అడుగులకు పదకొండు. అత్తమ్మ మెట్లెక్కే బాధ కూడా తప్పింది.

ఆ గది కొలతలే సగం నిర్ణయాలు చేశాయి. బరువులెత్తే పోటీల్లో మగవాళ్లు ఎత్తే ఒలింపిక్ రాడ్ 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. ఆడవాళ్లది 15 కిలోలు, 2.01 మీటర్లు. రెండిటికీ ప్లేట్లు (గుండ్రటి బరువు బిళ్లలు) ఎక్కించే చివర మందం 50 మిల్లీమీటర్లు. బాబు దాని కోసం చాలా ఆశపడ్డాడు. పది అడుగుల గదిలో ఏడడుగుల పైచిలుకు రాడ్ పెడితే అటూ ఇటూ అడుగున్నర కూడా మిగలదు, పక్క నుంచి ప్లేటు ఎక్కించేటప్పుడు గోడకు మోచెయ్యి తగులుతుంది. ఐదడుగుల రాడ్‌కు ఒప్పించాం. మా వారిని గది మధ్యలో నిలబెట్టి చేతులు పైకి ఎత్తమంటే సీలింగ్ ఫ్యాన్ రెక్కలు మరీ దగ్గరగా ఉన్నాయి. దాన్ని తీయించి గోడ ఫ్యాన్ పెట్టించాం. మీరు కూడా కొనేముందు ఈ పని తప్పకుండా చేయండి, ఇంట్లో అందరికంటే పొడుగు మనిషితో.

ఇక ఇనుము. నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే, డబ్బు కూడా ఎక్కువ దీనికే పెట్టాలని నా నమ్మకం. సరైన ప్లేట్లు ఇరవై ఏళ్లయినా పాడు కావు, కరెంటు అడగవు, ఇంట్లో నలుగురికీ పనికొస్తాయి.

ఆన్‌లైన్లో 20 కిలోల హోమ్ జిమ్ సెట్ అని తక్కువ ధరకు దొరుకుతుంది. ప్లేట్లు పీవీసీవి, లోపల సిమెంటు లాంటి పదార్థం. బరువు బరువే, కానీ అదే బరువుకు ఇనుప ప్లేటు కంటే చాలా మందంగా ఉంటాయి. నాలుగు ఎక్కించేసరికి డంబెల్ రాడ్ నిండిపోతుంది, పెంచుకోవడానికి చోటు ఉండదు. మేం రబ్బరు తొడుగున్న ఇనుప ప్లేట్లు తీసుకున్నాం. ఇవి కిలో లెక్కన అమ్ముతారు కాబట్టి షాపు కాంటా మీద పెట్టించి చూశాను. 5 కిలోలని రాసి ఉన్న రెండు ప్లేట్ల మధ్య తేడా చేతికే తెలుస్తోంది. ఒకే బరువున్న జతలు ఏరి తీసుకున్నాం. షాపతను విసుక్కోలేదు, మంచి మనిషి.

రాడ్ లెక్క కూడా చూడాలి. 28 మిల్లీమీటర్ల మందంతో లోపల గట్టిగా ఉన్న ఐదడుగుల రాడ్ ఒక్కటే ఏడు కిలోలు దాటుతుంది. పద్నాలుగు అంగుళాల డంబెల్ రాడ్ కిలోన్నరకు పైనే. లోపల డొల్లగా ఉన్న పైపు రాడ్లూ అమ్ముతారు, తేలిగ్గా ఉంటాయి, బరువు పెరిగే కొద్దీ వంగుతాయి. ప్లేటు రంధ్రాలు ఒక్కో కంపెనీవి ఒక్కో సైజు. రాడ్ ఒక చోట, ప్లేట్లు ఒక చోట కొంటే ఎక్కకపోవచ్చు, లేదా వదులై లొడలొడలాడొచ్చు. అందుకని ఒకే సైజుకు కట్టుబడ్డాం.

నాలాంటి వాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనవి చిన్న ప్లేట్లు. తల మీదికి 5 కిలోల డంబెల్ ఎత్తేవాళ్లకు తర్వాతది 7.5 అయితే, ఒక్కసారిగా సగం బరువు పెరిగినట్టు. భుజం పట్టేసేది అక్కడే. అర కిలో ప్లేట్లు రెండు చివరలా వేస్తే కిలో మాత్రమే పెరుగుతుంది. షాపులో అవి అడిగితే వెతికి తీశారు, అడిగేవాళ్లు తక్కువట. ప్రతి సైజూ నాలుగు చొప్పున తీసుకున్నాం, రెండు డంబెల్స్‌కు నాలుగు చివరలు కదా.

ఇనుము ఇంటికి వచ్చిన రోజు మా వాడకట్టులో ఒక పెద్దావిడ, ఆడోళ్లకు బరువులెందుకని అడిగింది. 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 110, 130 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిందని నేను చెప్పబోయే లోపే అత్తమ్మ అందుకుంది. "మేం వరి మోపులు మొయ్యలేదా? గప్పుడు ఎవలన్న వద్దన్నరా?" ఆ మాట నాకెంత బలమిచ్చిందో చెప్పలేను.

బెంచి కొనేటప్పుడు ఒక కొసన కూర్చుని చూడండి, రెండో కొస లేవకూడదు. వెల్లకిలా పడుకుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. పవర్‌లిఫ్టింగ్ నియమాల్లో బెంచి ఎత్తు 42 నుంచి 45 సెంటీమీటర్లు. నేను పొట్టి, నాకు 42 సరిగ్గా సరిపోయింది.

పుల్‌అప్ బార్‌కు దర్వాజకు తగిలించే రకం వద్దనుకున్నాం. గోడకు బిగిద్దామంటే మా గోడలు తేలిక ఇటుకవి, లోపలికి దిగి పట్టుకునే యాంకర్ బోల్టులు పట్టవు. వెల్డింగ్ షాపులో పైపు చేయించి కాంక్రీటు బీముకు బిగించాం. బిగించాక మొదట మా వారు వేలాడి చూశారు, తర్వాతే బాబును ముట్టనిచ్చాం.

అత్తమ్మ కోసం వీపు ఆనించి కూర్చునే సైకిల్ చూశాం. "నడుము నొయ్యదు గదా బిడ్డా?" అని ముందే అడిగింది, అందుకే షాపుకు ఆమెనే తీసుకెళ్లాను. కాలు ఎత్తుగా లేపకుండా ఎక్కగలగాలి, పెడల్ దూరంగా ఉన్నప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి, పూర్తిగా చాపుకోకూడదు. అయస్కాంతంతో బిగువు పెంచే రకం తీసుకున్నాం. చక్రానికి రాపిడి ప్యాడ్ ఆనే రకంలో ఆ ప్యాడ్ అరిగిపోతుంది. దీనికి కరెంటూ అక్కర్లేదు, తెరకు రెండు సెల్స్ చాలు. కానీ ఆమెకు అసలు మేలు చేసింది చేతులు లేని కుర్చీ అని నేను అనుకుంటున్నాను. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు దాన్ని గోడకు ఆనించి, మెల్లగా కూర్చుని లేస్తుంది. మొదట్లో నా చెయ్యి పట్టుకునేది, ఇప్పుడు అవసరం లేదు.

నేలకు పశువుల షెడ్లలో వేసే రబ్బరు మ్యాట్లు వేశాం. మందంగా ఉంటాయి, జిమ్ టైల్స్ కంటే చవకగా వచ్చాయి. కొత్తలో వాసన ఉంటుంది, వారం పాటు డాబా మీద ఆరబెడితే తగ్గింది.

వానాకాలంలో రాడ్లకు తుప్పు పట్టకుండా మెషీన్ ఆయిల్ గుడ్డతో తుడుస్తున్నాం. లాగే రబ్బరు బ్యాండ్లను ఎండ తగలకుండా అల్మారాలో పెడుతున్నాను, లేకపోతే పగుళ్లు వచ్చి లాగేటప్పుడు తెగుతాయి. డబ్బులో కొంత మిగిలింది. బాబుకు, మా వారికి ప్లేట్లు చాలడం లేదు కాబట్టి దసరా సెలవుల్లో 5 కిలోలవి ఇంకో నాలుగు తేవాలి. 28 మిల్లీమీటర్ల రాడ్‌కు పట్టేవి అని ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను.