తిథి లేని అన్నగారు

"డెబ్బై ఏళ్ళనాటి ఎముకల కోసం అంత డబ్బు తగలెయ్యడమేమిటమ్మా" అని బావగారు అన్న మాట ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది. పిల్లల ముందు వాదించడం ఇష్టం లేక ఊరుకున్నాను కాని, వంటిల్లు సర్దుతున్నంతసేపూ ఆయనకు జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

అరుణాచల్‌లోని దమ్రో అనే చిన్న ఊరికి పైనున్న కొండల్లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కూలిన అమెరికా బాంబరులో పోయినవారి ఎముకల కోసం తవ్వించిన సంగతి అది. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చబువాకు బయలుదేరిన ఆ బి-24 విమానం గమ్యం చేరలేదు. చైనా నుంచి జపాను సేనల మీద దాడి చెయ్యడానికి కావలసిన పెట్రోలునూ బాంబులనూ ఆ విమానం పనిచేసిన అమెరికా బాంబరు దళమే హిమాలయాల మీదుగా మన దేశం నుంచి మోసుకుపోవలసి వచ్చేది. అందులోని ఎనిమిది మందీ పోరాడుతూ కాదు, సరుకుల రవాణా పని మీద వస్తూ పోయారు. 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్, స్థానికుల సాయంతో ఆ శకలాల దగ్గరికి చేరాడు. అయినా అమెరికా బృందం వచ్చి తవ్వింది 2015లోనే. చోటు తెలిశాక కూడా ఆ కుటుంబాల చేత అన్నేళ్ళు ఎదురుచూపించడం నాకు మింగుడుపడదు. చివరికి రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ అనే 24 ఏళ్ళ లెఫ్టినెంటు అవశేషాలను గుర్తించి, 2017లో జార్జియా రాష్ట్రంలోని అతని సొంత ఊరు కాంకర్డ్‌లో ఖననం చేశారు.

నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. బర్మాలోని రంగూన్ రేవులో పనికి వెళ్ళిన ఆవిడ అన్నగారు, 1942లో జపాను వాళ్ళు వస్తున్నారని అందరితోపాటు కాలినడకన బయలుదేరి, ఇల్లు చేరలేదు. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉంది కదా అని పురోహితుడు ఎంత చెప్పినా ఆవిడ తద్దినం పెట్టనివ్వలేదు. ఏటా ఆవకాయ కలిపేటప్పుడు, అన్నయ్యకు కారం ఎక్కువుండాలంటూ, చిన్న జాడీలో వేరుగా కలిపి, వాసెన కట్టి, అటక మీద పెట్టించేది. మరుసటి వేసవికి దాన్ని దించి, కడిగి, మళ్ళీ నింపేది. ఆ జాడీని ముట్టుకున్నందుకు ఒకసారి నాకు దెబ్బలు కూడా పడ్డాయి.

ఇంతవరకూ రాశాక, నా కోపం బావగారి మీద కాదేమో అనిపిస్తోంది. ఆక్స్‌ఫర్డ్ కోసం వెతకడానికి ఒక ప్రభుత్వం ఉంది, పేరున్న జాబితా ఉంది, తేదీ ఉంది. బర్మా దారుల్లో జ్వరంతోనూ ఆకలితోనూ రాలిపోయిన వేలాది మంది కూలీల కోసం తవ్వినవారెవరు? అలాగని దమ్రోలో పెట్టిన ఖర్చు దండగ అని మాత్రం ఒప్పుకోలేను. అది అందరికీ జరగవలసిన పని. మనవాళ్ళ ఎముకలు ఇక దొరకవు. కనీసం పేర్లయినా ఊరూరా తిరిగి ఎవరైనా రాసిపెట్టాలి. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో అడిగితే చెప్పగలిగే ముసలివాళ్ళు ఇంకా కొందరు ఉండే ఉంటారు.