మూడు లిపుల ఊళ్ళో వెబ్‌సైటు కట్టాలంటే

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పశువుల కొమ్ముతో చేసిన బొమ్మలు అమ్మే షాపుకి సైటు కావాలనగానే అందరి నోటా వచ్చేది వర్డ్‌ప్రెస్, అంటే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్. మంచిదే, 2003 నుంచి ఉంది, ఏ డౌటుకైనా జవాబు దొరుకుతుంది. కానీ దానికి సర్వర్‌లో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష నడవాలి, డేటాబేస్ ఉండాలి, ప్లగిన్లు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలి, వదిలేస్తే ఎవడో ఒకడు లోపలికి దూరతాడు. నాలుగు ఫోటోలు, ఫోన్ నంబరు, షాపుకి దారి పెట్టడానికి అంత టెన్షన్ ఎందుకండీ? నా ఓటు మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళకే. పేజీలు పెరిగితే హ్యూగో అనే టూల్ వాడండి, అది పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టేస్తుంది, చవక హోస్టింగ్ చాలు.

అసలు తలనొప్పి లిపుల దగ్గర. ఇక్కడ తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ కావాలి. డీటీపీ షాపువాళ్ళు పాంఫ్లెట్ మేటర్ 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఇస్తారు, దాన్ని తెచ్చి ఆ ఫాంటు లేని పేజీలో అతికిస్తే తెలుగు పోయి ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి. అలాగని జేపీజీగా పెట్టేస్తే గూగుల్లో వెతికేవాడికి దొరకదు, చూపు లేనివాళ్ళ ఫోను చదివి వినిపించలేదు. యూనికోడ్‌లోకి, అంటే ప్రతి అక్షరానికీ ఎక్కడైనా ఒకే కోడ్ ఉండే పద్ధతిలోకి, మార్చి తీరాలి. భాషకో పేజీ పెట్టి, పేజీ కోడ్‌లో భాష చెప్పే lang విలువ తెలుగుదానికి 'te' అని, ఒడియాదానికి 'or' అని రాయండి, చదివే సాఫ్ట్‌వేర్‌కి ఏ భాషో తెలుస్తుంది.

రెడీమేడ్ థీమ్‌లు, అంటే తయారుగా దొరికే సైటు డిజైన్లు, ఇంగ్లీషు కొలతలతో చేసినవి. వాటిలో 'రాష్ట్రం' అని రాసి చూడండి, 'ష' కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు, రెండూ కింది లైను మీదకి జారతాయి, బటన్‌లో అయితే సగానికి తెగిపోతాయి. లైన్-హైట్ (ఒక్కో లైనుకిచ్చే ఎత్తు) అక్షరం సైజుకి 1.7 రెట్ల దాకా పెంచితే అక్షరం ఊపిరి పీల్చుకుంటుంది. చదివే మేటర్‌కి నోటో సాన్స్ తెలుగు, శీర్షికలకి గిడుగు ఫాంటు బాగుంటాయి. మా ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పేరే దానికి పెట్టారు, అందుకే నాకది ఇంకాస్త ఇష్టం, కానీ చిన్న సైజులో మాత్రం వాడకండి.

ఫోటోలకి వెబ్‌పీ వాడండి, అది ఫైలు సైజు తగ్గించే ఫోటో ఫార్మాట్. కొమ్ముతో చేసిన కొంగ నల్లగా మెరుస్తుంది, ఫ్లాష్ వేస్తే మెరుపే తప్ప చెక్కడం కనపడదు, కాబట్టి పగటి వెలుతురులో తెల్ల గుడ్డ మీద పెట్టి తీయండి. ఫోనులో తీసినది తీసినట్టే ఎక్కించకుండా వెడల్పు 1200 పిక్సెళ్ళకి తగ్గించండి, సిగ్నల్ సరిగా లేని కొండ ఊళ్ళలో కూడా పేజీ తెరుచుకోవాలి.