అమ్మమ్మ ఇంటి గన్నేరు

చిత్తూరులో అమ్మమ్మ ఇల్లు పడగొట్టే ముందు, పెరట్లోని గన్నేరు చెట్టు నుంచి ఆరు కొమ్మలు కోసుకొచ్చాను. తిరుపతి చేరేదాకా తడిగుడ్డలో చుట్టి ఒళ్లోనే పెట్టుకున్నా.

కణుపు కింద కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, సీసాల్లో నిలబెట్టాను. గన్నేరు రసం విషం, అందుకే చేతులు సబ్బుతో కడిగి సీసాలు పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాను. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాను. నిలవ నీళ్లలో గాలి తగ్గి కాడ కుళ్లిపోతుంది. మూడో వారంలో తెల్లటి వేర్లు కనిపించాయి. ఆ పూట ఎంత సంతోషమో!

కానీ వేర్లు ఇంకా పెరగాలని ఆశపడి బెత్తెడు పొడవయ్యేదాకా ఆగాను. మూడింటిని నాటి నేరుగా ఎండలో పెట్టేశా. మూడూ వాడిపోయాయి. నీళ్లలో పుట్టిన వేర్లు చాలా పెళుసు, మట్టికి అలవాటు పడేదాకా నీడ, తడి రెండూ కావాలి. నాకది తెలియలేదు. ఏడ్చేశాను.

మిగిలిన వాటిని ఇసుక కలిపిన మట్టిలో నాటి, రెండు వారాలు నీడలోనే ఉంచి, తడి ఆరకుండా చూసుకున్నా. ఒకటి పోయింది. రెండు బతికాయి. ఈ ఉదయం ఒకదానికి కొత్త చిగురు కనబడింది. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.