తుపాను సెలవులు, పనిదినాలు: టీచరు అర్హత పరీక్ష టెట్, టీచరు నియామక పరీక్ష డీఎస్సీలో ఈ బిట్లు ఎక్కడ పోతాయి?

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్ (బడులు పాటించాల్సిన కనీస ప్రమాణాల పట్టిక) టెట్ రాసే ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చే ఉంటుంది. 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు. 6 నుంచి 8 తరగతులకు 220 పనిదినాలు, 1000 గంటలు. టీచరుకు వారానికి కనీసం 45 పనిగంటలు, పాఠానికి సిద్ధమయ్యే సమయంతో కలిపి. ఇంత వచ్చినా, 'తుపాను వల్ల బడి 12 రోజులు మూతపడింది, ఇప్పుడేం చేయాలి' అని ప్రశ్న తిప్పి ఇస్తే తడబడతాం. రోజులు ఒక షరతు, గంటలు ఇంకో షరతు అన్న సంగతి పట్టించుకోకుండా బట్టీ పట్టడమే దీనికి కారణం.

ఒక లెక్క వేసి చూడండి. అకడమిక్ క్యాలెండర్‌లో 229 పనిదినాలు ఉన్నాయనుకుందాం. 12 పోతే 217 మిగులుతాయి. ప్రాథమిక తరగతులకు 200 చాలు కాబట్టి చట్టం ప్రకారం లోటే లేదు. ప్రాథమికోన్నత తరగతులకు మాత్రం 3 రోజులు తక్కువ. 12 కాదు, 3. 'పోయిన రోజులన్నీ భర్తీ చేయాలి' అనే తప్పు ఆప్షన్‌కు టిక్ పెట్టేది ఇక్కడే. విద్యాశాఖ విడిగా ఉత్తర్వు ఇచ్చి ఆ 12 రోజులనూ రెండో శనివారాల్లో నడిపించవచ్చు, అది వేరే సంగతి. చట్టం అడిగేది కనీస సంఖ్యనే.

ఇప్పుడు గంటలు. ఆ బడిలో రోజుకు 5 గంటల బోధన ఉంటే 217 రోజులకు 1085 గంటలు. 1000 దాటేసింది. అంటే గంటలకు లోటు లేదు, రోజులకు ఉంది. ఈ లోటును సాయంత్రం అదనపు క్లాసు తీర్చలేదు. సెలవు రోజున బడి నడిపితేనే తీరుతుంది. ఒంటిపూట బడుల్లో ఇది తిరగబడుతుంది: రోజు లెక్కలోకి వస్తుంది, గంటలు తగ్గుతాయి.

ఆప్షన్లలో అంకెలు తారుమారు చేస్తే పట్టుకోవడానికి రోజువారీ సగటు పనికొస్తుంది. 800ను 200తో భాగిస్తే సరిగ్గా 4 గంటలు, 1000ని 220తో భాగిస్తే సుమారు 4 గంటల 33 నిమిషాలు. '220 రోజులు, 800 గంటలు' అని కనిపిస్తే సగటు 4 గంటల కన్నా తగ్గిపోతుంది, కొట్టేయండి.

మినహాయింపు ఎవరిస్తారు? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 180 రోజుల నిబంధన ఉంది, మంచు తుపాను లాంటివి వస్తే అక్కడి విద్యాశాఖలు కొన్ని రోజులు మాఫీ చేసే పద్ధతీ ఉంది. మన చట్టంలో అలా విపత్తు రోజుల్ని మాఫీ చేసే ప్రత్యేక సెక్షన్ లేదు. షెడ్యూల్‌ను నోటిఫికేషన్ ద్వారా సవరించే అధికారం సెక్షన్ 20 కింద కేంద్ర ప్రభుత్వానిది. అకడమిక్ క్యాలెండర్ నిర్ణయించడం సెక్షన్ 9 కింద స్థానిక సంస్థ బాధ్యత. కలెక్టర్ విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షుడు. ఆయన బడి మూయించగలరు కానీ 220ని 210 చేయలేరు. పేపర్ సెట్ చేసేవాళ్లకు ఈ ముగ్గురినీ కలిపేయడం భలే ఇష్టం.

రోజులు తగ్గినా సెక్షన్ 24 తగ్గదు: నిర్ణీత సమయంలో మొత్తం పాఠ్యప్రణాళిక పూర్తి చేయడం టీచరు విధి. పిల్లలకు సెలవే అయినా టీచరుకు సహాయ కేంద్రంలో డ్యూటీ పడవచ్చు. సెక్షన్ 27 బోధనేతర పనుల్ని నిషేధిస్తూ మూడింటిని వదిలింది: పదేళ్ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు.

కోవిడ్ బిట్లు ఈ పెట్టెలో వేయకండి. 2020 జులైలో సీబీఎస్‌ఈ 9 నుంచి 12 తరగతులకు సిలబస్‌ను 30 శాతం వరకు తగ్గించింది, అదే ఏడాది రెండు తెలుగు రాష్ట్రాలూ పదో తరగతి పరీక్షలు రద్దు చేశాయి. అవి సిలబస్, పరీక్షల నిర్ణయాలు. పైగా 9, 10 తరగతులు ఈ షెడ్యూల్ పరిధిలోనే లేవు. 75 శాతం హాజరు కూడా వేరే. అది విద్యార్థి బడికి రావాల్సిన లెక్క, 220 బడి నడవాల్సిన లెక్క.